విధవ, ముత్తైదువ, మాతృశ్రీ: తరిగొండ వెంగమాంబ చరిత్రలో స్త్రీ పాత్రను దిద్దిన వ్యవస్థలు

వ్యాస సంగ్రహం

పద్దెనిమిదో శతాబ్దికి చెందిన తరిగొండ వెంగమాంబను సాహిత్య చరిత్ర భక్తకవయిత్రిగా గుర్తుంచుకొంది. ఆమె మీద వచ్చిన పరిశీలనలు ఎక్కువగా భక్తి, యోగం, యక్షగాన రచన అనే మూడు అంశాల చుట్టూ తిరిగాయి. కుటుంబం, అగ్రహారం, పీఠం, ఆలయం, సాహిత్య చరిత్ర ఒక్కొక్కటీ ఆమెకు ఏ పాత్రను కేటాయించిందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆమె చుట్టూ అల్లుకొన్న మహిమ కథలు ఆమెను నియమం నుంచి తప్పించాయి గాని నియమాన్ని కదల్చలేదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన. ఈ పాత్రల కేటాయింపునకు ఆమె రచనల్లో కనిపించే ప్రతిస్పందనను కూడా వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: తరిగొండ వెంగమాంబ, వైధవ్యం, జెండర్, పీఠం, తిరుమల, గంగజాతర, వేషం, కవయిత్రులు.

ఉపోద్ఘాతం

తిరుమల కొండ మీద నిత్యం వేలాది మంది భోజనం చేసే భవనానికి ‘మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం’ అని పేరు. 2011లో అది ప్రారంభమైంది. పంక్తిలో కూర్చొన్న యాత్రికుల్లో చాలామందికి ఆ పేరు ఒక చిరునామా మాత్రమే. ఆమె గురించి తెలిసినవారు కూడా ఆ పేరుకు ముందున్న మాట దగ్గర ఆగరు. వెంగమాంబకు సంతానం లేదు. చిన్ననాడే పెళ్లయింది. కాపురమంటే ఏమిటో ఎరగక ముందే భర్త పోయాడని సంప్రదాయ కథనం. తల్లి కాని స్త్రీని గౌరవించడానికి ఒక వ్యవస్థకు ‘తల్లి’ అన్న మాట ఎందుకు కావలసివచ్చింది? కవి అనో, యోగిని అనో, విదుషీమణి అనో అంటే ఏమి లోటు?

ఈ ప్రశ్న వెంగమాంబ పట్ల అగౌరవంతో వేసింది కాదు. ‘మాతృశ్రీ’ అన్నది గౌరవ వాచకమే. కాని గౌరవ వాచకాలు కూడా పాత్రలను కేటాయిస్తాయి. బాలవితంతువును ‘విధవ’ అన్న నోరే, ఆమె బొట్టు తుడవనని పట్టుబట్టినప్పుడు ‘ఆచారభ్రష్ట’ అంది. కొండ మీద హారతి పట్టాక ‘స్వామి దేవేరి’ అంది. చివరికి ‘అమ్మ’ అంది. ఈ నాలుగు మాటల్లో ఏదీ ఆమె తనకు తాను పెట్టుకొన్నది కాదు. తన గ్రంథాల గద్యల్లో ఆమె తనను తాను వేరే విధంగా పరిచయం చేసుకొంది.

పాత్రను నిర్ణయించినవారు

వెంగమాంబ సుమారు 1730లో తరిగొండలో పుట్టింది. నిన్నమొన్నటి వరకు చిత్తూరు జిల్లాలో ఉండి, 2022 పునర్విభజనలో అన్నమయ్య జిల్లాకు చేరిన గుర్రంకొండ మండలంలోని గ్రామం అది. తల్లిదండ్రులు మంగమాంబ, కృష్ణయ్య. వారిది నందవరీక బ్రాహ్మణ కుటుంబం. భర్త ఇంజేటి వేంకటాచలపతి. ఆమె 1817లో తిరుమలలో కన్నుమూసింది. ఆ ఎనభై ఏడేళ్లలో గుర్రంకొండ సీమ నవాబుల చేతి నుంచి మైసూరు పాలకుల చేతికి, చివరికి 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి మారింది. ఏలినవారు మారినా బాలవితంతువు విషయంలో తీర్పు చెప్పే అధికారం మాత్రం చేతులు మారలేదు. అది కులపెద్దల దగ్గర, వారికి పైన పీఠం దగ్గర ఉండిపోయింది.

ఆనాటి అగ్రహారంలో వైధవ్యమంటే కేవలం భర్త లేకపోవడం కాదు. అది కొత్తగా అప్పగించిన ఒక ఉద్యోగం వంటిది. దానికి తగిన దుస్తులు, తిండి, నిద్రించే చోటు, లేవవలసిన వేళ, ఎదురు రాకూడని సమయాలు అన్నీ నిర్ణయమై ఉండేవి. తల నీలాలు తీయించడం ఆ ఉద్యోగంలో చేరినట్లు అందరికీ తెలిపే గుర్తు. ఉమా చక్రవర్తి అగ్రవర్ణ వైధవ్యాన్ని ‘సామాజిక మరణం’ అన్న భావనతో వివరించారు. భర్తకు దేహం పోతే భార్యకు సమాజంలో స్థానం పోతుందని, అయినా ఆమె శ్రమ మాత్రం ఇంటికి దక్కుతూనే ఉంటుందని ఆ వివరణ సారం. వంటింట్లో మడి కట్టుకొన్న వితంతువు చేతి వంట పితృకార్యాలకు పనికివస్తుంది. ఆ మనిషి ముఖం మాత్రం శుభకార్యానికి పనికిరాదు. ఈ లెక్కలో గందరగోళం ఏమీ లేదు. ఎవరికి ఏమి కావాలో వారు స్పష్టంగానే రాసుకొన్నారు.

ఇక్కడ కులాన్ని విడిచి జెండర్‌ను మాట్లాడలేము. ఇదే సీమలో అనేక శ్రామిక కులాల్లో మారుమనువు ఉండేది. భర్త పోయిన స్త్రీ మళ్లీ చీర కట్టించుకొని మరో ఇంటికి వెళ్లేది. అంటే ‘విధవ’ అన్న పాత్ర ప్రకృతి ఇచ్చింది కాదని ఆ ఊరి పొలిమేరలోనే రుజువు ఉంది. పైగా, మారుమనువు లేకపోవడమే ఒక కులం పెద్దరికానికి గుర్తుగా చెల్లుబాటైంది. శిరోముండనం స్త్రీ దేహం మీద జరిగినా దాని వల్ల ప్రతిష్ఠ మగవారి వంశానికి చేరేది. తరువాతి కాలంలో హోదా పెంచుకోదలచిన కొన్ని కులాలు మొదట మానుకొన్న వాటిలో మారుమనువు ఒకటి కావడం కాకతాళీయం కాదు.

వెంగమాంబ బొట్టు, పూలు, గాజులు, జుట్టు వదలనంది. ఆమె చెప్పిన కారణం సంప్రదాయ కథనాలన్నిటిలో ఒకటే: తన భర్త శ్రీవేంకటేశ్వరుడు, ఆయనకు మరణం లేదు గనుక తనకు వైధవ్యం లేదు. పెళ్లాడిన వ్యక్తి పేరూ వేంకటాచలపతే కావడం గమనార్హం. భార్య భర్త పేరు పలకకూడదన్న కట్టడి ఉన్న సమాజంలో ఆమె జీవితమంతా ఆ పేరును పాడుతూ, రాస్తూ గడిపింది. దీన్ని భక్తి అన్నా తప్పు లేదు, చమత్కారమైన న్యాయవాదన అన్నా తప్పు లేదు. శాస్త్రం పెట్టిన షరతును ఆమె కాదనలేదు. ఆ షరతు తనకు వర్తించదని వాదించింది. భర్త ఉన్న స్త్రీకే బొట్టు అన్న నియమం ఆ వాదనలో భద్రంగానే ఉంది.

మహిమల లెక్క

ఇక్కడి నుంచి కథ మహిమల్లోకి మళ్లుతుంది. విమర్శకులు సాధారణంగా ఈ భాగాన్ని భక్తులకు వదిలి, రచనల దగ్గరికి వెళ్తారు. నా దృష్టిలో అది పొరపాటు. మహిమ కథలు చారిత్రక సాక్ష్యాలు కాకపోవచ్చు. సమాజం తనకు ఇబ్బంది కలిగించిన సంఘటనను ఏ విధంగా సర్దుకొన్నదో చెప్పడానికి మాత్రం వాటిని మించిన ఆధారం లేదు.

ప్రచారంలో ఉన్న కథల్లో ముఖ్యమైనవి మూడు. ఊరివారి ఫిర్యాదు మీద పుష్పగిరి పీఠాధిపతి తరిగొండకు వచ్చి, ఆమెకు శిరోముండనం చేయించమన్నారు. బలవంతాన జుట్టు తీయించినా ఆమె నీట మునిగి లేచేసరికి జుట్టు మళ్లీ యథాప్రకారం వచ్చింది. ఇది మొదటిది. స్వామివారికి నమస్కరించమంటే, ఆయనను ఆసనం దిగమని కోరి ఆమె ఖాళీ పీఠానికి నమస్కరించగా ఆ పీఠం భగ్గుమంది. ఇది రెండోది. తిరుమలలో రాత్రి తలుపులు మూశాక ఆమె గర్భాలయంలోకి వెళ్లి ముత్యాల హారతి ఇచ్చేదని, తెల్లవారి అర్చకులకు అక్కడ ముత్యాలు దొరికేవని మూడోది.

మొదటి కథలో జుట్టు తిరిగి వస్తుంది. తీయించడం తప్పని కథ ఎక్కడా చెప్పదు. ఈమె విషయంలో తప్పని మాత్రమే చెబుతుంది. మరునాడు అదే ఊళ్లో మరొక వితంతువు ఇంటికి మంగలి వచ్చి ఉంటే ఆమెకు ఈ కథ ఏ ఆసరా ఇవ్వదు. నీట మునిగి లేస్తే జుట్టు రాదు గనుక ఆమె దోషి అవుతుంది. కథ ఆ విధంగా రక్షించవలసిన స్త్రీని రక్షిస్తూనే, మిగిలిన స్త్రీలందరికీ దాటరాని పరీక్ష పెట్టింది. వ్యవస్థ ఒక అపవాదాన్ని ఒప్పుకొని సూత్రాన్ని నిలుపుకొంది. వ్యాకరణం చదివినవారికి ఈ పద్ధతి కొత్త కాదు.

రెండో కథ దీనికంటే పదునైనది. పీఠంలో కూర్చొన్న మనిషికీ పీఠానికీ ఉన్న తేడాను అది పట్టుకొంది. ఒక పదవిని పదవిలో ఉన్నవాడి నుంచి విడదీసి చూడడమంటే వ్యవస్థను వ్యవస్థగా చూడడమే. ఆమె నమస్కారం మనిషికి కాదు, ఆ మనిషికి తీర్పు చెప్పే అధికారం ఇచ్చిన ఆసనానికి. కాలిపోయింది కూడా ఆసనమే. కథను మొదట చెప్పినవారు ఎవరో గాని, వారికి ఆగ్రహం ఎక్కడ పెట్టాలో తెలుసు. పీఠాధిపతికి ఏ కీడూ జరగలేదన్నది మరచిపోకూడదు. ఆయన వెళ్లి మరొక ఆసనం మీద కూర్చొన్నాడనే మనం ఊహించుకోవాలి.

మూడోది స్థలానికి సంబంధించిన కథ. స్త్రీకి అర్చకత్వం లేదు. గర్భాలయంలో ఆమె అడుగు పెట్టడానికి అధికారం లేదు. కథ ఆమెను లోపలికి పంపుతుంది కాని తలుపులు మూసిన తరువాత, ఎవరూ చూడని వేళ, దైవమే పిలిచినందువల్ల పంపుతుంది. అర్చకుల హక్కుకు ఎక్కడా భంగం లేదు. పగలు వారిది, రాత్రి ఆమెది. ఈ సర్దుబాటు ఎంత బలమైనదంటే ముత్యాల హారతి ఏకాంత సేవలో భాగమై ఈనాటికీ ఆమె పేరిట సాగుతోంది. స్త్రీలను అర్చకత్వంలోకి అనుమతించాలా అన్న ప్రశ్న మాత్రం అక్కడ ఎన్నడూ తలెత్తలేదు.

తరిగొండలో లక్ష్మీనరసింహస్వామి ఆలయంలోని ఆంజనేయ విగ్రహం వెనుక ఆమె యోగసాధన చేసుకొనేదని, పూజారి అది సహించక జుట్టు పట్టి బయటికి లాగాడని మరొక కథ ఉంది. ఇందులో మహిమ లేదు. అందుకేనేమో మిగిలిన మూడింటి కంటే ఇది నమ్మదగినదిగా అనిపిస్తుంది. ఏ జుట్టు ఉండకూడదని పీఠం అందో ఆ జుట్టే పూజారి చేతికి పట్టు దొరకడానికి పనికివచ్చింది.

వేషం కట్టడం, విప్పడం

కొండ కింద తిరుపతిలో ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. వారం రోజుల జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండల వేషాలు వరుసగా వస్తాయి. పెళ్లికాబోయే కన్యలను చెరబట్టిన పాలెగాణ్ని వెతుకుతూ గంగమ్మ ఈ వేషాలు వేసిందని, దొర వేషంలో అతన్ని వధించిందని స్థల కథ. ఆనవాయితీ వేషాలు కైకాల కుటుంబాలవారు కడతారు. మొక్కుకొన్న సామాన్య పురుషులు వేలాదిగా చీర కట్టి, పూలు ముడిచి, నగలు పెట్టుకొని గుడికి వస్తారు. వేంకటేశ్వరుని చెల్లెలిగా భావించే గంగమ్మకు తిరుమల తిరుపతి దేవస్థానం నుంచి సారె వస్తుంది.

జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ జాతరను విస్తారంగా పరిశీలించారు. జాతర రోజుల్లో లోకమంతా స్త్రీమయమవుతుందని, దేవి శక్తిని స్త్రీలు సహజంగానే పంచుకొంటారు గనుక వారికి వేషం అవసరం లేదని, పురుషులకే ఆ మార్పు అవసరమని ఆమె వాదించారు. ఆ వాదన విలువైనది. దానికి ఒక అనుబంధం చేర్చవలసి ఉందని నాకు తోస్తుంది. మొక్కు తీరిన పురుషుడు ఇంటికి వెళ్లి చీర విప్పేస్తాడు. మరునాడు అంగట్లో కూర్చొంటాడు. అతనికి స్త్రీత్వం కట్టుకొనే వస్త్రం. తరిగొండ బాలికకు ఇచ్చిన వేషానికి విప్పే రోజు లేదు. జెండర్ పదే పదే ఆచరించడం వల్ల నిలబడుతుందని జుడిత్ బట్లర్ 1990లో చెప్పిన మాటను తిరుపతి వీధుల్లో ఎవరైనా కళ్లారా చూడవచ్చు. ఆ ఆచరణను ఆపే స్వేచ్ఛ ఎవరికి ఉందన్నది దాని తరువాతి ప్రశ్న.

ఫ్లూకిగర్ గ్రంథంలో ఆ గుడి సేవ ముదలియార్ కుటుంబం చేతి నుంచి జారిపోయిన వైనానికి ఒక అధ్యాయమే ఉంది. గుడికి ఆదాయం, పేరు పెరిగేకొద్దీ సేవ చేసేవారు మారడం గంగమ్మ ఒక్కతెకే జరిగిన విషయం కాదు. రాయలసీమ గ్రామదేవతల గుళ్లను గమనించినవారికి ఇది పరిచితమే.

వేషం ప్రసక్తి వచ్చింది గనుక మళ్లీ వెంగమాంబ రచనల దగ్గరికి రావచ్చు. ఆమె యోగవాసిష్ఠాన్ని ‘వాసిష్ఠ రామాయణం’ పేరుతో ద్విపదలో తెలుగు చేసింది. యోగవాసిష్ఠంలో చూడాల అనే రాణి కథ ప్రసిద్ధం. ఆమెకు భర్త శిఖిధ్వజుని కంటే ముందే ఆత్మజ్ఞానం కలుగుతుంది. భార్య చెబితే అతడు వినడు. రాజ్యం వదిలి అడవికి పోతాడు. అప్పుడామె కుంభుడనే బ్రాహ్మణ యువకుని రూపం ధరించి అడవికి వెళ్లి అతనికి బోధిస్తుంది. అదే జ్ఞానం, అదే నోరు. మగ రూపంలో వచ్చాకే అతని చెవికి ఎక్కింది. జాతరలో పురుషుడు స్త్రీ వేషం కట్టేది వినయం నేర్చుకోవడానికైతే, చూడాల పురుష వేషం కట్టింది తన మాట వినిపించుకోవడానికి. వేదాంత గ్రంథాల్లోకెల్లా ఈ గ్రంథాన్ని అనువాదానికి ఎంచుకొన్న స్త్రీ, తనకు జ్ఞానం ఉందని నమ్మించడానికి జీవితమంతా పెనగులాడవలసి వచ్చిన స్త్రీ అన్నది గుర్తుంచుకొని ఈ ద్విపదను చదవాలి. ఇంతవరకు దీన్ని వేదాంత వాఙ్మయంలో భాగంగానే చదివాము.

ఆమె సంతకం

వెంగమాంబ రచనలు పద్దెనిమిది వరకు చెబుతారు. తరిగొండ నృసింహ శతకం, శివ నాటకం, బాలకృష్ణ నాటకం, చెంచు నాటకం, రాజయోగామృతసారం, విష్ణుపారిజాతం, ముక్తికాంతా విలాసం, వేంకటాచల మాహాత్మ్యం వాటిలో కొన్ని. శతకం, యక్షగానం, ద్విపద, పద్యకావ్యం, తత్త్వకీర్తన, యోగశాస్త్రం, అన్నింటా ఆమె చేయి పడింది. ఇన్ని ప్రక్రియల్లో రాసిన కవి ఆ శతాబ్దంలో పురుషుల్లోనూ అరుదు.

వేంకటాచల మాహాత్మ్యం అవతారికలో ఆమె తాను గురువుల చెంత ఓనమాలైనా నేర్వలేదని, నృసింహస్వామే తనచేత పలికిస్తున్నాడని చెప్పుకొంటుంది. దీన్ని అక్షరాలా తీసుకొని ఆమెకు చదువు దైవదత్తమన్నవారున్నారు. కవి తనను తాను తగ్గించుకోవడం తెలుగు కావ్య మర్యాద. పోతన కూడా పలికించేవాడు రాముడన్నాడు. మొల్ల కూడా తనకు శాస్త్రపరిచయం లేదంది. అయితే పోతన మాటను వినయంగా చదివిన విమర్శకులే మొల్ల, వెంగమాంబల మాటను సమాచారంగా చదివారు. పురుషుడి వినయం అలంకారమైంది, స్త్రీ వినయం వాంగ్మూలమైంది. వెంగమాంబ మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి వద్ద యోగవిద్య అభ్యసించిందన్నది అందరూ ఒప్పుకొన్న విషయమే. ఓనమాలు రాని వ్యక్తి యోగవాసిష్ఠాన్ని తెలిగించడం సాధ్యమా అన్న చిన్న సందేహం కలిగినా ఆ చదువు ఇంట్లో ఏ విధంగా సాధ్యమైందో వెతికేవాళ్లం. దైవదత్తమనుకోవడం వల్ల ఆ వెతుకులాట అవసరం లేకపోయింది. ఇక్కడ కూడా మహిమ చేసిన పని ఒకటే.

గద్యలో ఆమె తనను కృష్ణయామాత్యుని కుమార్తెగా, తరిగొండ నృసింహుని కరుణతో కవిత్వం అబ్బినదానిగా చెప్పుకొంటుంది. భర్త పేరు చెప్పదు. కావ్యాంత గద్యలో తండ్రి పేరు చెప్పడం మగకవుల పద్ధతి. పెళ్లితో ఇంటిపేరూ గోత్రమూ మారే స్త్రీ ఆ పద్ధతిని అనుసరించడం వేరే సంగతి. అత్తింటివారు ఇచ్చిన ‘విధవ’ అన్న ఉనికిని, భక్తులు ఇచ్చిన ‘దేవేరి’ అన్న ఉనికిని పక్కన పెట్టి, పుట్టింటి కూతురిగా, ఒక ఊరి కవిగా ఆమె సంతకం చేసింది. లోకం ఆమెను పుట్టిన ఊరి పేరుతోనే పిలవడానికి ఈ సంతకమే పునాది అయి ఉంటుంది.

అదే శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. ఆమె తన అవ్వ తంజనాయకిని తన పరంపరలో సగర్వంగా చెప్పుకొంది. వేశ్యాకులంలో స్త్రీలకు స్త్రీల వంశావళి ఉంది, ఆస్తి ఉంది, విద్య ఉంది. కుటుంబ మర్యాద లేదు. బ్రాహ్మణ వితంతువుకు మర్యాద ఉంది, తక్కిన మూడూ లేవు. ఇద్దరూ కృష్ణుని శృంగారాన్ని రాసినవారే. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ శ్రద్ధగా పరిష్కరించి ప్రచురించిన ముద్దుపళని కావ్యం నిషేధానికి గురైంది. ఆ కావ్యాన్ని స్త్రీ నోట రాదగనిదని తీవ్రంగా నిందించినవారిలో కందుకూరి వీరేశలింగం ఒకరు. 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినది ఆయనే. వితంతువుకు కాపురం ఇప్పించడానికి రాళ్లదెబ్బలకు సిద్ధపడిన సంస్కర్తకు, కాపురం పరిధికి బయట ఉన్న స్త్రీ తన కోరికను తాను రాసుకోవడం మింగుడు పడలేదు. ఆయన ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. సంస్కరణోద్యమం కూడా ఒక వ్యవస్థే. దానికీ తాను మెచ్చే స్త్రీ ఎవరో ఒక నమూనా ఉంది. ఆ నమూనాలో వెంగమాంబ కూడా పూర్తిగా ఇమడదు. ఆమె పునర్వివాహం కోరలేదు, వైధవ్యమూ ఒప్పుకోలేదు.

కొండ మీద

ఊరు వదిలి తిరుమల చేరిన వెంగమాంబకు హథీరాంజీ మఠం మహంతులు ఆశ్రయమిచ్చారు. ఇరుగుపొరుగు వేధింపులు భరించలేక కొంతకాలం తుంబురు కోనలో తపస్సు చేసిందని చెబుతారు. తెలుగు అగ్రహారం వెలివేసిన స్త్రీకి ఉత్తరాది నుంచి వచ్చిన బైరాగుల మఠం నీడ అయింది. స్థానిక కుల మర్యాదలో ఆ మఠానికి వాటా లేకపోవడం దీనికి కారణమని ఊహించవచ్చు. వ్యవస్థలన్నీ ఒకే గొంతుతో మాట్లాడవు. వాటి మధ్య ఉన్న సందుల్లోనే ఇటువంటి మనుషులు బతికి బయటపడతారు.

కొండ మీద ఆమె చేసిన పనుల్లో మనకు అతి తక్కువగా తెలిసినది, అతి ఎక్కువగా తెలుసుకోవలసినది నిర్వహణ. నృసింహ జయంతి సందర్భంగా అన్నదానం చేయించేది. యాత్రికుల దాహం తీర్చే ఏర్పాట్లు చేసేది. వాటి కోసం దాతలు ఆమె పేర దానపత్రాలు రాసిచ్చారు. అన్నప్రసాద భవనానికి ఆమె పేరు పెట్టడానికి ఆధారం ఇదే. స్త్రీకి, అందునా వితంతువుకు, స్వతంత్రమైన ఆస్తి హక్కు లేని కాలమది. హిందూ స్త్రీల ఆస్తి హక్కుల చట్టం రావడానికి 1937 దాకా ఆగవలసి వచ్చింది. అటువంటి కాలంలో ఒక స్త్రీ పేర దానాలు రావడం, వాటిని ఆమె లెక్క ప్రకారం ఖర్చు చేయడం ముత్యాలు రాలడం కంటే ఆశ్చర్యకరమైన విషయం. దీన్ని మనం ‘అమ్మ పెట్టిన అన్నం’గా తలచుకొంటున్నాము. తల్లి అన్నం పెట్టడం సహజ ధర్మం కాబట్టి అందులో చెప్పుకోవలసిన పనితనం ఉండదు. ‘మాతృశ్రీ’ అన్న మాట ఒక నిర్వాహకురాలి చేతిలోని లెక్కల పుస్తకాన్ని తీసుకొని గరిటె పెట్టింది.

ఇదే సీమలో ‘పేరంటాలు’ అన్న పేరుతో గుళ్లు కనిపిస్తాయి. భర్తకంటే ముందు, లేదా భర్తతో పాటు మరణించి పసుపు కుంకుమలతో పోయిన స్త్రీలకు కట్టినవి అవి. స్త్రీకి దైవత్వం దక్కే దారుల్లో ఊరు గుర్తించిన రాచబాట అదే. భర్త పోయిన తరువాత దాదాపు డెబ్బై ఏళ్లకు పైగా బతికి, రాసి, పంచి, అప్పుడు పూజలందుకొన్న స్త్రీ మరొకరు ఈ సీమలో కనబడరు. తిరుమలలో ఆమె బృందావనం ఉంది. అక్కడికి పసుపు కుంకుమలతో వచ్చే ముత్తైదువల్లో ఎందరు తమ ఇంటి పెళ్లిలో విధవరాలైన మేనత్తను పీటల దగ్గరికి పిలుస్తారన్నది ఎవరికి వారు చెప్పుకోవలసిన జవాబు.

తిరుమల ఏకాంత సేవను గురించి ఒక నానుడి ఉంది: తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి. తాళ్లపాక వారంటే అన్నమాచార్యులు, కుమారుడు పెదతిరుమలాచార్యులు, మనుమడు చినతిరుమలాచార్యులు, వారి వంశం. అన్నమయ్య భార్య తిమ్మక్క ‘సుభద్రా కల్యాణం’ రాసింది. తొలి తెలుగు కవయిత్రి అని సాహిత్య చరిత్రలు ఆమెను పేర్కొంటాయి. కొడుకును కన్న ఇల్లాలు, కావ్యం రాసిన కవి. ఆ నానుడిలో ‘వారు’ అన్న బహువచనంలో ఆమె కలిసిపోయింది. రెండో సగంలోని ‘వారు’ వెనుక వంశం లేదు, భర్త లేడు, కొడుకులు లేరు. తరిగొండ వారంటే ఒక్క మనిషే.